ఏమీ చెయ్యని లైను

మార్చి 4

అత్తా,

ఉత్తరం చూడగానే కంగారుపడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. మొన్న ఫోన్లో నేను "కంపైలర్" అంటే నువ్వు "కంప్లైంటా? ఎవరి మీదే?" అన్నావు. అలా పావుగంట అరిచేసరికి పక్కగదిలో ఉండే నర్సు వచ్చి నాకు మంచినీళ్ళిచ్చి వెళ్ళింది. మా ఆఫీసు కంప్యూటర్లకేమో బయట ప్రపంచంతో సంబంధమే లేదాయె. అందుకే కాగితం, కలం.

సంగతేమిటంటే, నువ్వు రిటైరై వెళ్ళిపోయిన ఈ ఆరేళ్ళలో మన బ్రెయిలీ ప్రెస్సులో మారిందేమీ లేదు. నీ ప్రోగ్రామే మామూలు పాఠాన్ని చుక్కల్లోకి మారుస్తోంది, గాజు తలుపు వెనకాల ఆ యంత్రమే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు టపటపా గుద్దుతోంది. మొన్న మాత్రం పైనుంచి మనుషులొచ్చి కంప్యూటర్ లోపలి సరంజామా అంతా మార్చేసి పోయారు. పాత కంపైలర్ పోయింది, కొత్తది వచ్చింది. ఇరవై ఆరేళ్ళ క్రితం నువ్వు రాసిన ప్రోగ్రాముని ఈ కొత్త కంపైలర్ చేత ఒప్పించే పని నా నెత్తిన పడింది.

కంపైలర్ అంటే ఏమిటని మా మేనేజరు అడిగారు. (ఆయన్ని అందరూ చాటుగా "తొందరగారు" అంటారు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.) "మనం రాసింది యంత్రం భాషలోకి మార్చే దుబాసీ అండీ. పాత దుబాసీకి మా అత్త మాట తీరు అలవాటు. కొత్తవాడికి ప్రతి మాటకీ సందేహమే" అన్నాను. "ఎన్ని సందేహాలు?" అన్నారు. రెండు వందల పధ్నాలుగు. బళ్ళు తెరిచేలోపు ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకాలు ఆరువందలు అచ్చవ్వాలి. ఏప్రిల్ నెలాఖరు గడువు.

ఒక్క అనుమానం. 1140వ లైను దగ్గర ఒకటి నుంచి నలభై కోట్ల దాకా లెక్కపెట్టమని రాశావు. లెక్కపెట్టి? ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే లెక్కపెట్టాలి. పక్కన "ముట్టుకోవద్దు" అని ఉంది. ఎందుకు?

అన్నట్టు, ప్రూఫు మాస్టారికి నేను ఎవరి మేనకోడలినో తెలిసింది. చుక్కలు తడుముతున్న చేతులు పేజీ మీంచి తియ్యకుండా "ఓహో" అన్నారు. అంతే. ఆయనకి నువ్వంటే పడదా?

నీ కుర్చీలో కూర్చున్న,
నీ మేనకోడలు

---

మార్చి 10

చిట్టెలుకా,

రెండు వందల పధ్నాలుగు తప్పులా? ఇరవై ఆరేళ్ళు ఒక్కరోజు మొరాయించకుండా నడిచిన ప్రోగ్రాము తల్లీ అది. నేను ఆఫీసుకి సెలవు పెట్టాను గానీ అది పెట్టలేదు. నిన్న కాక మొన్న వచ్చిన కంపైలర్ నాకు వంకలు పెడుతుందా! ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు ఉంది దాని వరస.

ఇక్కడ అంతా కులాసా. వంటింట్లో కొళాయి కారుతోందని అందరూ అంటున్నారు, నాకైతే వినపడదు కాబట్టి కారడం లేదు. పై అంతస్తు పిల్ల వయొలిన్ నేర్చుకుంటోంది. బిల్డింగులో ఉన్నవాళ్ళందరూ ఫిర్యాదు చేశారట, నేను తప్ప. దాంతో వాళ్ళ అమ్మకి నేనంటే ప్రాణం అయిపోయింది. నిన్న వచ్చి, "సంగీతం విలువ తెలిసినవాళ్ళండీ మీరు" అంది. ఔనని తలూపాను.

నీ ప్రశ్నకి జవాబు. "ముట్టుకోవద్దు" అంటే ముట్టుకోవద్దు అని అర్థం.

ప్రూఫు మాస్టారు పనిమంతుడు. మాట తక్కువ. ఆయన్ని పనిలో విసిగించకు.

నీ మేనత్త

---

మార్చి 17

అత్తా, అత్తా, కోపమొద్దు!

అవి తప్పులు కావు, హెచ్చరికలు. తప్పయితే కంపైలర్ ఆగిపోతుంది. హెచ్చరికైతే పని చేస్తూనే సణుగుతుంది. మన ఇంట్లో నాయనమ్మలాగ. రెండు వందల పధ్నాలుగులో అసలు తప్పులు తొమ్మిదే. ఆ తొమ్మిదీ నువ్వు రాసిన కాలానికి తప్పులు కావు, ఇప్పుడు రూలు మారింది. సరిచేసేశాను. మిగతా సణుగుడులో చాలాభాగం నోరు మూయించాను. ఇక ముప్ఫై ఒకటే ఉన్నాయి.

కానీ అత్తా, నీ ప్రోగ్రాములో అంకెలు, అక్షరాలు దాచుకునే గిన్నెలకి నువ్వు పెట్టిన పేర్లు చూస్తుంటే నవ్వాగడం లేదు. చుట్టాలందరినీ తెచ్చి కూర్చోబెట్టావు కదా! కంపైలర్ ఏమంటోందో తెలుసా? "అన్నయ్యకి మొదట్నుంచీ విలువ ఇవ్వలేదు" అంటోంది. "వదిన ఉందని చెప్పారు గానీ ఎక్కడా వాడుకోలేదు" అంటోంది. "తాతయ్య పెద్దవాడు, ఆయన్ని తెచ్చి మరీ చిన్న గిన్నెలో కూర్చోబెడుతున్నారు, ఒలికిపోతాడు" అంటోంది. అన్నయ్యకి మొదట్లోనే సున్నా విలువ ఇచ్చేశాను, దాని నోరు మూతపడింది. వదినని తీసేశాను. తాతయ్యకి పెద్ద గిన్నె ఇచ్చాను.

ఇది సరదాగా ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "అంటే మా చెల్లెలు నాకు సున్నా విలువ ఇచ్చిందన్నమాట" అని ఫోన్ పెట్టేశారు. అత్త కాదు నాన్నా, నేనే ఇచ్చాను అని చెప్పేలోపే.

నిన్న మధ్యాహ్నం మొదటి పేజీ బయటికొచ్చింది. వెచ్చగా, దళసరిగా, చుక్కలు నిండుగా. నేను గంతేశాను. తొందరగారు కూడా గంతేశారు, ఆయన ఎలాగూ ఎప్పుడూ గాల్లోనే ఉంటారనుకో.

1140 జోలికి పోలేదు. ఒట్టు.

నీ చిట్టెలుక

---

మార్చి 22

చిట్టెలుకా,

మీ నాన్న ఫోన్ చేశాడు. నేను విన్నది ఇంత: "సున్నా", "మీ వదినని తీసేశారు", "ఇరవై ఆరేళ్ళ తరవాత ఇదా". మొదట మా వదినకేదో అయిందనుకుని గుండె ఆగినంత పనైంది. ఆ వెంటనే ఫోన్ ఆవిడే లాక్కుని "నేను బానే ఉన్నా వదినా, నన్ను ప్రోగ్రాములోంచి తీసేశారంతే" అని అరిచింది. ఆవిడ గొంతు మాత్రం నాకు బాగానే వినపడుతుంది.

మీ నాన్నకి చెప్పు. లైనులో పట్టక మిగిలిపోయిన అక్షరాలన్నీ మోసుకెళ్ళి తరవాతి లైనులో జాగ్రత్తగా దింపేవాడు "అన్నయ్య". చిన్నప్పుడు బడి నుంచి వచ్చేటప్పుడు నేను సగం దారిలో అలిసి కూలబడితే నా సంచీ, నన్నూ మోసుకొచ్చింది వాడే. ఆ పేరు ఊరికే పెట్టలేదు. వదిన పేరు ఏదో ఒకనాటికి అక్కరకొస్తుందని పెట్టుకున్నాను, రాలేదు. అది ఆవిడకి చెప్పకు.

కానీ వాడి మాటల్లో ఇంకో ముక్క కూడా వినపడింది నాకు. ఏప్రిల్ తరవాత "పాతకాలపుదాన్ని ఇంటికి పంపేస్తారు" అని మీ మేనేజరు అన్నారట. నాకు చెప్పకుండా మీ నాన్నకి చెప్పావేం? పంపించుకోండి. ఇరవై ఆరేళ్ళు చేసింది చాలు. నాకేం బాధ లేదు. ప్రోగ్రాము ఇంటికొస్తే నేను కూర్చోబెట్టి అన్నం పెడతాను.

నీ మేనత్త

---

మార్చి 28

అత్తా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికి పంపుతామన్నది నీ ప్రోగ్రాముని కాదు. ప్రూఫు మాస్టారిని.

మొదట్నుంచీ చెప్తాను. పోయిన వారం సైన్సు పుస్తకంలో మొదటి అధ్యాయం గుద్ది ఆయన బల్ల మీద పెట్టాను. నీకు తెలుసు కదా, ఆయన చదివేటప్పుడు ఎడమచెయ్యి ముందు పోతుంది, కుడిచెయ్యి వెనకాల తనిఖీ చేస్తూ వస్తుంది. రెండో పేజీ దగ్గర రెండు చేతులూ ఆగిపోయాయి.

"అమ్మాయీ, మొదటి లైను గుసగుసలాడుతోంది" అన్నారు.

"అంటే ఏమిటండీ?"

"మిగతా లైనులు మాట్లాడుతున్నాయి. ఇది గొంతు తగ్గించింది. మూడో పేజీలోనూ అంతే. పిల్లల వేళ్ళకి ఇది అందదు."

నేను వెలుతురులో పెట్టి చూశాను. చుక్కలన్నీ ఉన్నాయి. తొందరగారు కళ్ళద్దాలు పెట్టి చూశారు, తీసి చూశారు, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశారు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. "మాస్టారూ, ముప్ఫై ఏళ్ళుగా చుక్కల మీద రాసుకుంటున్న వేళ్ళు కదా, అరిగిపోయుంటాయి" అన్నారు. చెడ్డమనిషి కాదు ఆయన, తొందరలో అనేశారు. ఏప్రిల్ తరవాత పాతకాలపాయన్ని ఇంటికి పంపేసి, ప్రూఫు చూడటానికి కెమెరా యంత్రం తెప్పిస్తే రోజుకి మూడు పుస్తకాలు చూస్తుందని కూడా అన్నారు. నాన్నకి నేను చెప్పింది ఇదే.

నాకు మనసులో గుచ్చుకున్నది ఆ తరవాతి మాట. మాస్టారు వాదించలేదు. "ఇదివరకు ఒకసారి కూడా నాకు ఇలాగే అనిపించింది. చాలా ఏళ్ళయింది. అప్పుడు ప్రోగ్రాములో ఏ మార్పూ చెయ్యలేదన్నారు. మర్నాటికి అదే సర్దుకుంది. అంటే తేడా వేళ్ళలోనే అన్నమాట. అప్పుడు ఒక్కరోజు. ఇప్పుడు రోజూ" అన్నారు. నిన్న రాజీనామా రాసిచ్చారు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది అత్తా ఆయనకి.

నువ్వు ఆయనతో అన్నేళ్ళు పనిచేశావు కదా. ఒక మంచిమాట రాస్తావా? నేను చదివి వినిపిస్తాను.

నీ చిట్టెలుక

---

ఏప్రిల్ 2

1140వ లైను ముట్టుకున్నావు కదూ.

సున్నా ఇచ్చానన్నావు, తీసేశానన్నావు, గిన్నె మార్చానన్నావు. చేతికొచ్చినట్టు చేస్తూ పోయి అదీ పీకేసి ఉంటావు. అది మళ్ళీ ఎక్కడుండేదో అక్కడ పెట్టు. నలభై కోట్లకి ఒక్కటి కూడా తగ్గకూడదు. పెట్టి, ఒక పేజీ గుద్ది ఆయనకియ్యి. ఆ రాజీనామా కాగితం పైకి వెళ్ళకుండా ఆపు.

---

ఏప్రిల్ 7

అత్తయ్యగారికి,

నమస్కారములు. మీ ఉత్తరం అందినది. సంబోధన లేదు, సంతకం లేదు. దస్తూరీని బట్టి మీదేనని గ్రహించాను.

ముట్టుకోనని ఒట్టు వేశాను, ముట్టుకోలేదు. మీరు నమ్మరు కాబట్టి 1130 నుంచి 1150 దాకా అచ్చు తీసి దీనితో జతపరుస్తున్నాను. లైను అక్కడే ఉంది. మీ నలభై కోట్లూ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. "ముట్టుకోవద్దు" కూడా అక్కడే ఉంది. సున్నాలు వేలు పెట్టి లెక్కపెట్టుకోండి.

ఏమీ చెయ్యని ఒక లైను కోసం, అడిగితే కారణం కూడా చెప్పని లైను కోసం, ఇన్ని మాటలు పడతానని అనుకోలేదు. ఐదు నెలల నుంచీ మీ కుర్చీలో కూర్చుని, రోజూ మీరు రాసింది చదువుతూ, మా అత్త ఎంత తెలివైందో అని ఆఫీసంతా చెప్పుకు తిరుగుతున్నాను.

రాజీనామా తొందరగారి సొరుగులో ఉంది. సోమవారం పైకి పంపుతామన్నారు. ఇంకో రెండు వారాలు ఆగమని అడిగాను. ఆయన జీవితంలో మొదటిసారి దేనికైనా ఆగుతానన్నారు. పుస్తకం మాత్రం ఆపనన్నారు, సరేనన్నాను.

గౌరవంతో,
మీ అన్నగారి అమ్మాయి

---

ఏప్రిల్ 12

నా చిట్టెలుకా,

నువ్వు "మీరు" అన్న ప్రతిచోటా నాకు చెంపదెబ్బ తగిలింది. తగలాల్సిందే. నీ తప్పేం లేదు. నీ కాగితం బల్ల మీద పెట్టుకుని పొద్దుటినుంచీ చూస్తున్నాను. లైను అక్కడే ఉంది. నువ్వు చెప్పింది నిజం. ఇప్పుడు నేను చెప్పాల్సిన నిజం ఉంది. ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ, మీ నాన్నకి కూడా.

ఇప్పుడున్న గుద్దే యంత్రం వచ్చి పందొమ్మిదేళ్ళయింది. అది వచ్చిన రెండో వారం మాస్టారు నా బల్ల దగ్గరికి వచ్చి, అచ్చం నీతో అన్నమాటే అన్నారు. మొదటి లైను గొంతు తగ్గించిందని. నా చుట్టూ పదిమంది ఉన్నారు. ఆ యంత్రాన్ని ఎంచి తెప్పించింది నేను, ప్రోగ్రాము నాది. నాకప్పుడు ముక్కుమీద కోపం, పైగా తెలివైనదాన్నని పేరు. "నా ప్రోగ్రాములో తప్పు ఉండదండీ. మీ వేళ్ళు అలిసిపోయాయేమో చూసుకోండి" అన్నాను. ఎవరో నవ్వారు కూడా.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక యంత్రం ముందు నిలబడి చూశాను. పేజీ మారేటప్పుడు కాగితం దొర్లుతుంది కదా, అది కుదురుకునేలోపే సుత్తులు దిగిపోతున్నాయి. దాంతో మొదటి లైను చుక్క వెంట్రుకవాసి తక్కువ లేస్తోంది. కంటికి కనపడదు. ఆయన వేలికి తెలిసింది. యంత్రానికి అరక్షణం ఊపిరి తీసుకునే టైము ఇవ్వాలి, అంతే. ఊరికే లెక్కపెడుతూ కూర్చోమని ఆ లైను రాశాను. అప్పట్లో నలభై లక్షలు చాలాయి. తరవాత కంప్యూటర్ మార్చినప్పుడల్లా, అది వేగంగా లెక్కపెట్టేస్తోందని, ఒక్కో సున్నా చేర్చుకుంటూ వచ్చాను. అదీ అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడే.

మర్నాడు పొద్దున ఆయన పేజీ తడిమి చూసి, మొహమంతా విప్పారి, "సరిపోయిందండీ! ఏమన్నా మార్చారా?" అని అడిగారు.

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో పందొమ్మిదేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నిన్న అన్నమాట ఇవాళ మింగాల్సొస్తుందనే. అంతకుమించి పెద్ద కారణమేదీ దొరకలేదు. ఆయన మొహం నేను చూస్తుండగానే ముడుచుకుపోయింది. "అయితే నా వేళ్ళే" అని వెళ్ళిపోయారు. అప్పటినుంచీ ప్రతి పేజీలోనూ మొదటి లైను రెండుసార్లు చదివేవారు. రోజూ ఎదురుగా కూర్చుని అది చూశాను.

అంతకుముందు మధ్యాహ్నం టీ టైములో ఆయనకి రోజూ పేపరు చదివి వినిపించేదాన్ని. నేను చదువుతుంటే నా ఉచ్చారణకి వంకలు పెట్టేవారు, నేను పోట్లాడేదాన్ని. ఆ తరవాత నాకు ఎదురుగా కూర్చునే మొహం లేకపోయింది. ఏదో ఒక పని అడ్డం పెట్టుకున్నాను. తను ఫిర్యాదు చేసినందుకు నాకు కోపం వచ్చిందని ఆయన అనుకుని ఉంటారు. ఆయన "ఓహో" అన్నారని నువ్వు రాసినప్పుడు ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇక పని సంగతి. లైను ఉండి కూడా ఆగడం లేదంటే, నీ కొత్త కంపైలర్ దాన్ని యంత్రం భాషలోకి మార్చడం లేదన్నమాట. పనికిమాలినది కనిపిస్తే ఊడ్చేసే అలవాటేమైనా ఉందేమో దానికి, చూడు. నా కాలపు కంపైలర్ మంచిదో చెడ్డదో, చెప్పింది చెప్పినట్టు చేసేది.

నిన్ను అనుమానించినందుకు ఏమనాలో తెలియడం లేదు. నీ ముందు తల దించుకుంటున్నాను.

అత్త

---

ఏప్రిల్ 17

అత్తా!

నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం! కొత్త కంపైలర్ తయారుచేసిన యంత్రం మాటల్లోకి దిగి చూశాను. 1139 ఉంది, 1141 ఉంది, మధ్యలో ఖాళీ. "నలభై కోట్లు లెక్కపెట్టడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు" అని దానంతట అదే తీర్మానించి ఊడ్చి పారేసింది. రెండు వందల పధ్నాలుగు సార్లు సణిగిన మనిషి, ఇదొక్కటి మాత్రం కిక్కురుమనకుండా చేసింది. నేను ఒట్టు నిలబెట్టుకుని ముట్టుకోకుండా కూర్చున్నాను, అది నిక్షేపంగా ముట్టుకుంది.

ఆ లెక్కపెట్టుడు తీసేసి "అర సెకను ఆగు" అని సూటిగా రాశాను. ఇప్పుడు ఏ కంపైలర్ వచ్చినా, ఎంత వేగం కంప్యూటర్ వచ్చినా ఆగుతుంది. పక్కన "ముట్టుకోవద్దు" బదులు కారణం రాశాను: "పేజీ దొర్లాక కాగితం కుదురుకోవాలి. లేకపోతే మొదటి లైను చుక్కలు తక్కువ లేస్తాయి. కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది."

తరవాత తొందరగారిని పిలిచాను. ఐదు పేజీలు ఆగకుండా, ఐదు పేజీలు ఆగుతూ గుద్దించి, పేకముక్కల్లాగ కలిపేసి మాస్టారి ముందు పెట్టాను. ఏవి ఏవో నా దగ్గర చీటీలో ఉంది. ఆయన ముందు ఒప్పుకోలేదు. "నా వేళ్ళకి పరీక్ష ఎందుకమ్మా, రాసిచ్చేశాను కదా" అన్నారు. "మీకు కాదండీ, యంత్రానికి పరీక్ష" అన్నాను.

మొదటి పేజీ మీద వేళ్ళు పెట్టి "గుసగుస" అన్నారు. రెండోది "గుసగుస". మూడో పేజీ దగ్గర ఆగి, వేళ్ళు అక్కడే ఉంచి, "ఇది మాట్లాడుతోంది" అన్నారు. పదికి పదీ సరిగ్గా చెప్పారు అత్తా! తొందరగారు ఆ పేజీలు లాక్కుని తనూ కళ్ళు మూసుకుని తడిమారు. పదికి నాలుగు. మళ్ళీ తడిమారు. మూడు. సొరుగు తీసి రాజీనామా కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "క్షమించండి మాస్టారూ, తొందరపడ్డాను" అన్నారు. మా వాళ్ళు నవ్వాపుకోలేక ఒక్కొక్కరే బయటికి పరిగెత్తారు.

ఇప్పటిదాకా గుద్దిందంతా పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాం.

కానీ ఒక్కటి. అందరూ వెళ్ళాక మాస్టారు నన్నడిగారు. "మరి అప్పుడు? పందొమ్మిదేళ్ళ క్రితం?" నాకు తెలుసని ఆయనకి అర్థమైపోయింది. గొంతు బట్టే పట్టేశారు. "అది నేను చెప్పేది కాదండీ, మా అత్త చెప్పాలి" అన్నాను.

"ఓహో" అన్నారు. ఈసారి ఆ ఓహోలో కోపం లేదు అత్తా. అప్పుడూ లేదేమో, నేనే కల్పించుకున్నానేమో.

నీ మీద నాకు కోపం పోయింది. ఐదో తారీఖు నుంచి ఏడో తారీఖు దాకా మాత్రం బాగా ఉండింది.

నీ చిట్టెలుక

---

ఏప్రిల్ 23

చిట్టెలుకా,

ఇందులో ఇంకో కవరు ఉంది, దళసరిది. మడత పెట్టకు, చుక్కలు నలిగిపోతాయి. అది ఆయనకి. నువ్వు చదవకు. చదవగలవని తెలుసు, అందుకే చెప్తున్నాను.

నిన్ను చదివి వినిపించమందామని మొదట మామూలుగానే రాశాను. రాశాక, ఇది ఇంకొకరి గొంతులోంచి ఆయన చెవిన పడాల్సిన మాట కాదనిపించింది. అటక మీంచి చేత్తో చుక్కలు గుచ్చే రంధ్రాల పలక, మొండి సూది దింపించాను. దింపడానికి కొళాయి బాగుచెయ్యడానికొచ్చిన మనిషిని నిచ్చెనెక్కించాల్సొచ్చింది. (కొళాయి కారుతోందట. నిజమే.)

జీవితమంతా చుక్కలతోనే గడిపాను గానీ, చేత్తో గుచ్చి ఎన్నేళ్ళయిందో. కాగితం వెనకవైపు నుంచి గుచ్చాలి కదా, ప్రతి అక్షరం తిరగేసి, కుడి నుంచి ఎడమకి. మూడు లైనులు రాసేసరికి బొటనవేలు వాచింది. నాలుగు కాగితాలు చింపాను. కంప్యూటర్లో అయితే చెరిపేసి మళ్ళీ కొట్టేదాన్ని, ఇక్కడ గుచ్చింది గుచ్చినట్టే ఉంటుంది. ఏడు లైనుల ఉత్తరానికి రెండు రోజులు పట్టింది.

ఆయన ఏమన్నా అంటే అన్నది అన్నట్టు రాయి. నా మనసు నొచ్చుకుంటుందని తగ్గించకు.

అత్త

---

ఏప్రిల్ 29

అత్తా,

అన్నది అన్నట్టే రాస్తున్నాను.

మొదట శుభవార్త. ఆరువందల పుస్తకాలూ నిన్న సాయంత్రం లారీ ఎక్కాయి. ఆఖరి కట్ట మీద తొందరగారు కూర్చుని ఐదు నిమిషాలు కదల్లేదు. ఆయన కదలకుండా ఉండటం మేమెవ్వరం ఇదివరకు చూడలేదు, ఒంట్లో బాలేదేమోనని కంగారుపడ్డాం.

నీ కవరు శుక్రవారం మధ్యాహ్నం ఇచ్చాను. "మా అత్త పంపింది" అన్నాను. మాస్టారు కవరు అంచు వేలితో రాసి, లోపలి కాగితం మందం చూసి, "చేత్తో రాసిందా?" అన్నారు. ఔనన్నాను. నన్ను వెళ్ళమన్నారు. నేను గాజు తలుపు దాకా వెళ్ళి, అక్కడ నిలబడ్డాను. నువ్వు చదవొద్దన్నావు గానీ చూడొద్దనలేదు.

ఎడమచెయ్యి ముందు, కుడిచెయ్యి వెనక. ఏడు లైనులూ ఒకసారి చదివారు. మళ్ళీ మొదటికొచ్చారు. రెండోసారి మూడో లైను దగ్గర వేళ్ళు ఆగిపోయి చాలాసేపు కదల్లేదు. తరవాత జేబురుమాలు తీసి కళ్ళు కాదు, వేళ్ళు తుడుచుకున్నారు. ఎందుకో అప్పుడర్థం కాలేదు. చెమట పట్టిన వేళ్ళకి చుక్క సరిగ్గా తెలియదట. మళ్ళీ చదవడానికి తుడుచుకున్నారన్నమాట.

మూడోసారి చదివాక, ఎప్పుడూ ప్రూఫులకి వాడే మైనపు ముక్క సొరుగులోంచి తీసి, కాగితం మీద మూడు చోట్ల అద్దారు. నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి గొంతు మామూలుగానే ఉంది, ముక్కు మాత్రం పట్టేసింది.

"మూడు తప్పులున్నాయి" అన్నారు. "రెండో లైనులో ఒక అక్షరం తిరగబడింది. ఐదో లైనులో రెండు మాటల మధ్య ఖాళీ లేదు. ఏడో లైనులో 'క్షమించండి' అన్నమాట రెండుసార్లు పడింది. దిద్ది, మంచిప్రతి పంపమను. ఇది నేను దాచుకునే కాగితం. తప్పులతో దాచుకోవడం నాకు చేతకాదు."

ఇంకేమన్నా చెప్పమంటారా అని అడిగాను. మైనపు ముక్క సొరుగులో పెట్టేస్తూ, "ఆవిడ చదవడం మానేశాక నాకు ఎవరూ పేపరు సరిగ్గా చదవలేదు. ఈ తొందరాయన హెడ్డింగులు చదివి పారిపోతాడు" అన్నారు. అంతే అత్తా. అంతకుమించి ఒక్క ముక్క లేదు. నేను తగ్గించలేదు, పెంచలేదు.

నీ కాగితం దీనితో పంపుతున్నాను. మైనం చుక్కలు ఊడిపోకుండా చూసుకో.

నీ చిట్టెలుక

---

మే 3

చిట్టెలుకా,

కాగితం చేరింది. చుక్కలన్నీ తడిమి చూసుకున్నాను. తిరగబడ్డ అక్షరం నా తప్పే. ఖాళీ వదలకపోవడం కూడా నా తప్పే, అప్పటికే బొటనవేలు మాట వినడం మానేసింది. ఆ రెండూ దిద్దాను.

మూడోది తప్పు కాదు. రెండుసార్లు కావాలనే గుచ్చాను. ఒకటి ఆ రోజు "లేదు" అన్నందుకు. ఇంకొకటి, ఆ తరవాత ఆఫీసులో ఉన్న పదమూడేళ్ళూ నోరు విప్పడానికి రోజుకొక అవకాశం ఉండి కూడా విప్పనందుకు. అందులోంచి ఒకటి తియ్యమంటే నేనొప్పుకోను. ప్రూఫు చూసేవాళ్ళు అచ్చుతప్పులు దిద్దాలి గానీ, రాసినవాళ్ళ ఉద్దేశం దిద్దకూడదని ఆయనకి ముందునుంచీ చెప్తూనే ఉన్నాను, ఏనాడూ వినలేదు.

ఇది ఉత్తరాల్లో తేలేది కాదు. గురువారం పొద్దున్న బస్సుకి బయల్దేరి వస్తున్నాను. మంచిప్రతి నేనే తెచ్చి ఆయన చేతిలో పెడతాను. ఏడో లైను దగ్గర పోట్లాట తప్పదు, తొందరగారిని కాస్త దూరంగా కూర్చోమను. మధ్యాహ్నం టీ టైముకి అక్కడుంటాను. ఆ రోజు పేపరు ఎవరినీ ముట్టుకోనివ్వకు.

అత్త